తొమ్మిదో నెలలో ఏ వారం?

నెలలు నిండని కాన్పు అంటే 37 వారాలు పూర్తికాకముందే బిడ్డ పుట్టడం. ఆఖరి బహిష్టు మొదటి రోజు నుంచి లెక్క మొదలవుతుంది. నిండు గర్భానికి 280 రోజులు, అంటే 40 వారాలు. 259 రోజులు నిండకుండా పుట్టిన ప్రతి బిడ్డా ఈ లెక్కలోకి వస్తుంది. 32 నుంచి 37 వారాల మధ్య పుట్టినవారు చాలామంది కొద్దిపాటి సాయంతో తేరుకుంటారు. 28 నుంచి 32 వారాలవారికి ఊపిరికీ పాలకూ ప్రత్యేక సంరక్షణ కావాలి. 28 వారాలకు ముందు పుడితే ప్రతి గంటా గండమే. 2020లో ప్రపంచంలో 1.34 కోట్ల మంది ఇలా పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో దాదాపు 30 లక్షల మంది మన దేశంలో పుట్టారు. ఏ దేశంలోనూ ఇంతమంది లేరు. ఐదేళ్లలోపు పిల్లల మరణాలకు మొదటి కారణం కూడా ఇదే.

ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుందనీ ఎనిమిదో నెలలో పుట్టినది బతకదనీ పల్లెల్లో ఒక మాట ఉంది. ప్రాచీన గ్రీకు వైద్యులు కూడా ఇదే మాట రాసిపెట్టారంటే ఎంత పాత నమ్మకమో తెలుస్తుంది. నిజం దానికి సరిగ్గా తలకిందులు. తల్లి కడుపులో గడిచే ప్రతి వారం ఊపిరితిత్తులకు, మెదడుకు, మూత్రపిండాలకు బలమే. ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డ కంటే అవకాశం ఎప్పుడూ ఎక్కువే.

ముందస్తు కాన్పులన్నీ ఒక తీరువి కావు. తల్లికి రక్తపోటు పెరిగిందనో, గుర్రపువాతం వచ్చిందనో, బిడ్డ ఎదుగుదల ఆగిందనో వైద్యులే ముందుగా కాన్పు చేయించేవి దాదాపు మూడో వంతు. మిగిలిన రెండు వంతుల్లో నొప్పులు వాటంతటవే మొదలవుతాయి, లేదా ఉమ్మనీటి సంచి ముందుగా చిట్లిపోతుంది. జన్యు పరిశోధకులు ఎక్కువగా వెంటపడింది ఈ రెండో రకం వెంటే. గర్భసంచికి ఇన్‌ఫెక్షన్ సోకడం, కవలలు, రక్తహీనత, కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం లేకపోవడం, పొగాకు వంటి కారణాలు తెలిసినవే. అవేవీ లేని తల్లికీ ముందుగా నొప్పులొస్తాయి. అవన్నీ ఉన్న తల్లి తొమ్మిది నెలలూ నిండుగా మోస్తుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్నే జన్యువుల వైపు దారి తీసింది.

ఆ అనుమానానికి మూలం కుటుంబాలే. ఒకసారి ముందుగా ప్రసవించిన తల్లికి మళ్లీ అలాగే జరిగే అవకాశం ఇతరుల కంటే ఎక్కువ. తాను స్వయంగా నెలలు నిండకుండా పుట్టిన ఆడపిల్లకు, అక్కచెల్లెళ్లకు అలా జరిగిన స్త్రీకి కూడా ఆ ముప్పు కొంత ఎక్కువే. తండ్రి వైపు బంధువుల్లో మాత్రం ఇలాంటి పోలిక పెద్దగా కనిపించదు. పుట్టిన ప్రతివారి వివరాలూ దశాబ్దాలుగా నమోదు చేసి దాచుకున్న స్కాండినేవియా దేశాల్లో కవలలను, తోబుట్టువులను పోల్చి చూశారు. కాన్పు ఏ వారంలో అవుతుందన్న విషయంలో మనిషికీ మనిషికీ కనిపించే తేడాలో పాతిక నుంచి నలభై శాతం దాకా వంశపారంపర్యమని, అందులో పెద్ద వాటా తల్లి జన్యువులదేనని తేలింది. మిగతాదంతా తిండి, నీరు, పని, జబ్బు, వైద్యం. పాతికకూ నలభైకీ మధ్య ఎంత అన్న వాదన తెగలేదు. అయితే ఈ లెక్కల్లో జన్యువుల వాటా సగానికి చేరలేదు.

కాన్పును ఎవరు మొదలుపెడతారన్నది కూడా ఇక్కడ తెలుసుకోవాలి. గర్భాన్ని నిలిపి ఉంచేది ప్రధానంగా ప్రొజెస్టిరాన్ అనే హార్మోను. అది గర్భసంచి కండరాన్ని నిద్రపుచ్చుతుంది. నెలలు నిండేసరికి రక్తంలో దాని మోతాదు తగ్గకపోయినా కండరం దాని మాట వినడం మానేస్తుంది. వాపును పుట్టించే రసాయనాలు పెరుగుతాయి, గర్భసంచి ముఖద్వారం మెత్తబడుతుంది, ఉమ్మనీటి సంచి పొర పలచబడుతుంది. ఈ పనులన్నింటికీ ప్రొటీన్లు కావాలి, ఆ ప్రొటీన్లకు నమూనాలు జన్యువుల్లో ఉంటాయి. ఆ నమూనాలో ఒక్క అక్షరం మారినా కాన్పు గడియారం కొంచెం ముందుకో వెనక్కో నడవొచ్చు.

మనిషి జన్యు పుస్తకంలో దాదాపు 300 కోట్ల అక్షరాలున్నాయి. ఒక్కొక్కరిలో 40, 50 లక్షల చోట్ల అక్షరం నమూనా ప్రతికి తేడాగా ఉంటుంది. ఈ ఒంటరి అక్షరభేదాలను పరిశోధకులు స్నిప్‌లంటారు. చాలావరకు వాటివల్ల లాభం లేదు, నష్టం లేదు. ఏవి కాన్పు గడియారాన్ని కదిలిస్తాయో పట్టుకోవడమే పని.

మన విశ్వవిద్యాలయాల్లో ఈ అంశంపై పీహెచ్‌డీ చేసే విద్యార్థి సాధారణంగా రెండు గుంపులతో మొదలుపెడతారు. ముందుగా ప్రసవించినవారు ఒకవైపు, నెలలు నిండి ప్రసవించినవారు మరోవైపు. నైతిక కమిటీ అనుమతి వచ్చాక, తల్లికి అర్థమయ్యే భాషలో చెప్పి సంతకమో వేలిముద్రో తీసుకున్నాక, చేతి నరం నుంచి కొన్ని మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. బొడ్డుతాడు రక్తం, మాయ ముక్క దొరికితే ఇంకా మేలు. తెల్లకణాల నుంచి డీఎన్‌ఏను విడదీసి, అనుమానం ఉన్న జన్యువు భాగాన్ని పీసీఆర్ యంత్రంలో కోట్ల ప్రతులుగా పెంచి, అక్షరం ఏదో చదువుతారు. ఒక అక్షరం మొదటి గుంపులో ఎక్కువగా కనబడితే దాని మీద అనుమానం బలపడుతుంది. వాపుకు, ప్రొజెస్టిరాన్‌కు, ఫోలేటుకు, ఉమ్మనీటి పొర గట్టిదనానికి సంబంధించిన జన్యువులను దేశదేశాల విద్యార్థులు ఇలాగే ఒక్కొక్కటిగా పరీక్షించారు.

ఫలితం గొప్పగా లేదు. వందా రెండు వందల మంది రక్తంతో ఒక ఊళ్లో దొరికిన సంబంధం, మరో ఊళ్లో అదే పరీక్ష చేస్తే మాయమైపోయింది. తప్పు విద్యార్థులది కాదు. ఒక్కో స్నిప్ చేసే ప్రభావం చాలా చిన్నది. అంత చిన్న ప్రభావం చిన్న గుంపులో చిక్కదు. చిక్కినట్టు కనిపించింది చాలాసార్లు కాకతాళీయమే. పీహెచ్‌డీకి దొరికే కాలం మూడు నుంచి ఆరేళ్లు. ఆ వ్యవధిలో ఒక్కరు సేకరించగలిగిన రక్తం ఈ ప్రశ్నకు చాలదు.

అందుకే పరిశోధన దారి మార్చుకుంది. ఒక జన్యువును ఊహించి వెతకడం మాని, జన్యు పుస్తకం మొత్తాన్ని లక్షల చోట్ల ఒకేసారి జల్లెడ పడుతున్నారు. అన్ని చోట్ల వెతికితే ఎక్కడో ఒకచోట అబద్ధపు సంబంధం కనిపించడం ఖాయం. కాబట్టి అది కాకతాళీయమయ్యే అవకాశం రెండు కోట్లలో ఒకటి కంటే తక్కువైతేనే ఒప్పుకోవాలని కట్టడి పెట్టుకున్నారు. ఆ కట్టడిని దాటి నిలిచిన మొదటి పెద్ద ఫలితం 2017లో వచ్చింది. అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆస్పత్రికి చెందిన లూయిస్ ముగ్లియా, గే ఝాంగ్ బృందం 43,568 మంది యూరప్ మూలాలున్న స్త్రీల జన్యు వివరాలను జల్లెడ పట్టింది. దొరికినవాటిని 8,643 మంది నార్డిక్ తల్లుల్లో సరిచూసింది. అలా తేలిన కొద్ది జన్యువుల్లో ఈబీఎఫ్1, ఏజీటీఆర్2, డబ్ల్యూఎన్‌టీ4 ఉన్నాయి. మరొకటి ఈఈఎఫ్‌ఎస్‌ఈసీ. ప్రొటీన్లలోకి సెలీనియం అనే ఖనిజాన్ని చేర్చే పనిలో దానికి చేయి ఉంది.

ఆ నాలుగో పేరు వినగానే చాలామందికి ఆశ కలిగింది. నేలలో సెలీనియం తక్కువైన చోట ముందస్తు కాన్పులు ఎక్కువేమో, ఒక్క మాత్రతో పోతుందేమో అని. వేర్వేరు దేశాల్లో గర్భిణుల రక్తంలో సెలీనియం కొలిచి చూస్తే, ఒకచోట కనిపించిన సంబంధం మరోచోట కనిపించలేదు. జన్యువు దొరకడం వేరు, మందు దొరకడం వేరు అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. 2023లో ఇంకా పెద్ద అధ్యయనం వచ్చింది. దాదాపు రెండు లక్షల మంది తల్లుల వివరాలతో, గర్భకాలం పొడవుకు సంబంధించి 22 చోట్లు, ముందస్తు కాన్పుకు 6 చోట్లు తేల్చింది. ఈ లక్షల్లో దాదాపు అందరూ యూరప్ సంతతివారే.

భారతీయ స్త్రీల సంగతి తేల్చడానికి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సాయంతో 2015లో హరియాణాలోని గురుగ్రామ్ సివిల్ ఆస్పత్రిలో గర్భిణి పేరుతో ఒక అధ్యయనం మొదలైంది. ఫరీదాబాద్‌లోని ట్రాన్స్‌లేషనల్ ఆరోగ్య శాస్త్ర సంస్థలో శింజిని భట్నాగర్ దాన్ని నడిపించారు. నొప్పులొచ్చాక ఆస్పత్రికి వచ్చినవారిని కాక, గర్భం మొదటి నెలల్లోనే స్త్రీలను చేర్చుకుని కాన్పు దాకా, ఆ తర్వాత కూడా వెంట నడవడం దీని పద్ధతి. పశ్చిమబెంగాల్‌లోని కల్యాణిలో ఉన్న జాతీయ బయోమెడికల్ జీనోమిక్స్ సంస్థ జన్యు విశ్లేషణ చేసింది. 6,211 మంది స్త్రీల డీఎన్‌ఏను జల్లెడ పట్టి, ముందస్తు కాన్పుతో ముడిపడిన 19 స్నిప్‌లను 2023లో ప్రకటించారు. యూరప్‌లో దొరికిన గుర్తుల్లో కొన్నే ఇక్కడి స్త్రీలలో నిలిచాయి. పరాయి కొలతలతో కుట్టిన రవిక మనకు సరిపోదన్నది లెక్కలతో సహా తేలింది.

హరియాణా ఆస్పత్రిలో తేలినది శ్రీకాకుళం జిల్లా నందిగాంలో నిలుస్తుందా అన్నది తర్వాతి ప్రశ్న. అడగడానికి కారణం ఉంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందం 2017లో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల జన్యువులను పోల్చారు. వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి, తరాల తరబడి తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చినట్టు తేలింది. ఆంధ్ర, తెలంగాణ వైశ్యులు అందులో అందరూ ఉదహరించే సమూహం. మత్తు ఇచ్చేటప్పుడు వాడే కండరాలను సడలించే మందు ప్రభావం త్వరగా వదలని ఒక ఎంజైము లోపం వారిలో ఇతరుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే మన దేశంలో కులం ఒక సామాజిక గోడ మాత్రమే కాదు, జన్యుపరంగానూ గోడే. ఒక కులంలో అరుదైన స్నిప్ పక్క వీధి కులంలో మామూలుగా ఉండొచ్చు.

దీనికి తోడు మేనరికం. మేనమామతో పెళ్లయితే పుట్టే బిడ్డకు ఏ జన్యువైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒక వంతు. మేనత్త కొడుకైతే పదహారింట ఒక వంతు. ఈ లెక్కను ఆంధ్ర కుటుంబాల్లో మొదటగా తీసినవారిలో బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు కృష్ణ ద్రోణంరాజు ఒకరు. 1957లో ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చిన హాల్డేన్‌కు మేనరికం మీద గొప్ప ఆసక్తి. ప్రయోగశాలలో చేయలేని ప్రయోగాన్ని ఒక సమాజం శతాబ్దాలుగా చేసి పెట్టిందనిపించింది ఆయనకు. ద్రోణంరాజు, సహ పరిశోధకుడు మీరాఖాన్ కలిసి ఆంధ్రలో మేనరికాల సంఖ్య, వాటి పర్యవసానాలపై 1960ల తొలి సంవత్సరాల్లో వ్యాసాలు ప్రచురించారు. మేనరికం వల్ల అరుదైన పుట్టుజబ్బులు పెరుగుతాయన్నది స్థిరపడిన సంగతి. ముందస్తు కాన్పులు పెరుగుతాయా అంటే, ఇప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు ఒక్కమాట మీద లేవు. పేదరికం, చిన్న వయసు పెళ్లి, మేనరికం ఒకే ఇంట్లో కలిసి ఉన్నప్పుడు ఏది దేని పని అన్నది విడదీయడం కష్టం.

ఒకే ఒక్క జన్యువు వల్ల స్పష్టంగా పెరిగే ముప్పు కూడా ఉత్తరాంధ్రకు దగ్గరిదే. సికిల్ సెల్ జబ్బు ఉన్న తల్లికి రక్తహీనత, రక్తపోటు, నెలలు నిండని కాన్పు అన్నీ ఎక్కువ. ఏజెన్సీ కొండల్లోని గిరిజనుల్లో ఈ జన్యువు ఉంది. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఇక్కడ చెప్పుకున్నవాటిలో గర్భానికి ముందే రక్తం పరీక్షిస్తే తెలిసిపోయేది ఇదొక్కటే. హరియాణా అధ్యయనంలో దొరికిన 19 స్నిప్‌లు ఇంకా ఏ ఆస్పత్రి పరీక్షల్లోకీ చేరే స్థాయికి రాలేదు.

శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్న ఉద్దానం కథ మరోలా ఉంటుంది. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల కొబ్బరి, జీడి తోటల్లో దశాబ్దాలుగా అంతుపట్టని మూత్రపిండాల వ్యాధి ఉంది. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 2,210 మందిని పరీక్షిస్తే దాదాపు 18 శాతం మందిలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి కనిపించింది. నీటిలో సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు హూనం చేసుకునే పనిలో నీరు తాగకపోవడమన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఏ ఒక్కటీ మొత్తం భారాన్ని మోయలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి ప్రారంభమయ్యాయి.

ఈ వ్యాధికీ ముందస్తు కాన్పుకూ రెండు వైపుల నుంచి దారి ఉంది. మొదటిది అందరికీ తెలిసినదే. కిడ్నీ దెబ్బతిన్న తల్లికి గర్భంలో రక్తపోటు పెరుగుతుంది, బిడ్డను ముందుగా తీయాల్సి వస్తుంది. రెండోది అంతగా ప్రచారంలోకి రాలేదు. మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే నెఫ్రాన్‌లు కడుపులో ఉండగానే తయారవుతాయి. వాటిలో సగానికి పైగా చివరి మూడు నెలల్లోనే. దాదాపు 36వ వారానికి ఆ పని ముగుస్తుంది. ఆ తర్వాత కొత్తవి పుట్టవు. సగటున ఒక్కో కిడ్నీలో పది లక్షల దాకా ఉంటాయి. ముందుగా పుట్టిన బిడ్డకు ఆ పెట్టుబడి తక్కువ. ఉన్న కొద్ది నెఫ్రాన్‌లే ఎక్కువ పని చేసి త్వరగా అలసిపోతాయి. స్వీడన్‌లో 1973 నుంచి 2014 దాకా పుట్టిన 40 లక్షల మందికి పైగా వివరాలు చూసి 2019లో ప్రచురించిన అధ్యయనం, నెలలు నిండకుండా పుట్టినవారికి చిన్నతనం నుంచి నడివయసు దాకా దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ముప్పు దాదాపు రెట్టింపని, 28 వారాలకు ముందు పుట్టినవారికి మూడు రెట్లని తేల్చింది. ఉద్దానం వ్యాధికి ఇదే కారణమని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. తక్కువ నెఫ్రాన్‌లతో పుట్టిన మనిషి ఎండలో కొబ్బరి తోటలో పని చేస్తే ఏమవుతుందన్నది మాత్రం ఒక పీహెచ్‌డీకి తగిన ప్రశ్న.

అయితే ఇలాంటి పరిశోధనకు మొదటి అడ్డంకి ప్రయోగశాలలో ఉండదు, పంచాంగంలో ఉంటుంది. పల్లెల్లో గర్భాన్ని నెలల్లో లెక్కిస్తారు. చాంద్రమాసానికి ఇరవై తొమ్మిదిన్నర రోజులు. ఆ లెక్కన తొమ్మిదో నెల నడుస్తోందంటే 33 వారాల 5 రోజుల నుంచి 37 వారాల 6 రోజుల దాకా ఏ రోజైనా కావచ్చు. నెలలు నిండని బిడ్డ, నిండిన బిడ్డ ఇద్దరూ తొమ్మిదో నెల బిడ్డలే. తూకం చూసి నిర్ణయిద్దామంటే, నెలలు నిండినా తల్లి బలహీనత వల్ల రెండు కిలోలే తూగే పిల్లలు మన దగ్గర తక్కువేం కాదు. రెండు గుంపులు కలిసిపోయాక ఎంత ఖరీదైన యంత్రంతో డీఎన్‌ఏ చదివినా వచ్చేది తప్పు సమాధానమే. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ ఒక్కటే దీన్ని సరిచేస్తుంది. ఆలస్యంగా వచ్చే గర్భిణుల కోసం మద్రాసు ఐఐటీ, ఫరీదాబాద్ సంస్థ కలిసి గురుగ్రామ్ వివరాలతో భారతీయ శిశువులకు తగిన వయసు సూత్రాన్ని తయారుచేశాయి. అంతకుముందు వాడినవి పాశ్చాత్య శిశువుల కొలతలతో వేసిన సూత్రాలు.

రెండో అడ్డంకి పుట్టిల్లు. నందిగాంలో పేరు నమోదైన కోడలు ఏడో నెల దాటాక తొలి కాన్పుకు టెక్కలి దగ్గరి అమ్మగారింటికో, సరిహద్దు దాటి ఒడిశాలోని పర్లాకిమిడికో వెళ్తుంది. కాన్పు అక్కడ, కార్డు ఇక్కడ. ముప్పు ఎక్కువైతే శ్రీకాకుళానికి, అక్కడి నుంచి వంద కిలోమీటర్లకు పైగా దూరంలోని విశాఖ కేజీహెచ్‌కు. వెంట నడిచే అధ్యయనం నడవలేక ఆగిపోయేది ఇక్కడే. ఈ పనిలో ఆశా కార్యకర్త, ఏఎన్ఎం చేసే సాయం ముందు పరిశోధకుడి పట్టా చిన్నదే అనిపిస్తుంది.

జన్యువులు మందు చెప్పేదాకా చేతిలో ఉన్నవి పాత మందులే. ఊపిరితిత్తులు త్వరగా పక్వమయ్యేందుకు తల్లికిచ్చే స్టిరాయిడ్ సూది పనిచేస్తుందని న్యూజీలాండ్‌కు చెందిన లిగిన్స్, హోవీ 1972లో నిరూపించారు. బిడ్డను తల్లి రొమ్ముకు చర్మం తగిలేలా కట్టుకునే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలక పుట్టింది. ఆరు దేశాల్లో 11,976 మంది తొలి చూలు స్త్రీలపై జరిగిన పరీక్షలో మన దేశపు గర్భిణులు కూడా ఉన్నారు. అందులో తక్కువ మోతాదు ఆస్పిరిన్ ముందస్తు కాన్పులను 13.1 శాతం నుంచి 11.6 శాతానికి తగ్గించింది. అది వైద్యులు ఇస్తేనే వాడాల్సిన మందు. ఇంతకాలం పేరుపొందిన ఒక ప్రొజెస్టిరాన్ సూదిమందు మాత్రం, మేలు చేస్తున్నట్టు రుజువు కాలేదని 2023లో అమెరికా మార్కెట్ నుంచి తొలగిపోయింది. కాన్పు గడియారం పూర్తిగా అర్థం కాకుండా తయారైన మందు అది.

ఉద్దానంలో ఇప్పుడు డయాలసిస్ చేయించుకుంటున్న యాభై, అరవై ఏళ్ల మనిషి ఇంట్లో, మంత్రసాని చేతిలో పుట్టి ఉంటే, ఏ వారంలో పుట్టాడో చెప్పే కాగితం ఉండదు. ఇప్పుడు కాన్పులు ఆస్పత్రుల్లో జరుగుతున్నాయి. మొదటి స్కాన్ తేదీ, కాన్పు వారం, బిడ్డ బరువు రాసిన మాతా శిశు సంరక్షణ కార్డు తల్లి చేతికి వస్తోంది. టీకాలు అయిపోయాక దాన్ని పారేయకండి.